మందు చేసిందా, జబ్బు చేసిందా? అంటువ్యాధుల పరిశోధనలో దుష్ప్రభావాన్ని పట్టుకుని నమోదు చేయడం ఎలా

టీబీకి నాలుగు మందులు మొదలుపెట్టి 24 రోజులైంది. వచ్చిన మనిషి తిండి సయించడం లేదంటాడు, వికారంగా ఉందంటాడు. అది ఇంకా లొంగని టీబీయా? మందులు కాలేయాన్ని దెబ్బతీస్తున్నాయా? లేక మధ్యలో హెపటైటిస్ ఏదైనా సోకిందా? అంటువ్యాధుల మందుల మీద పరిశోధన చేసేవారికి ఈ చిక్కు ఎప్పుడూ ఉండేదే. జ్వరం, దద్దుర్లు, వాంతులు, రక్తపరీక్షలో ఏఎల్‌టీ (కాలేయ ఎంజైము) పెరగడం జబ్బు వల్లా వస్తాయి, మందు వల్లా వస్తాయి. రెంటినీ విడదీయడానికి మీ చేతిలో ఉండే గట్టి ఆధారం తేదీలూ గంటలూ. అవి రికార్డులో లేకపోతే ఎంత పెద్ద నిపుణుడైనా తర్వాత చేయగలిగింది తక్కువ.

1993లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో హెపటైటిస్ బి కోసం ఫయలురిడిన్ అనే మందును 15 మంది మీద పరీక్షించారు. ఏడుగురికి కాలేయం విఫలమైంది. ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మందు కణాల్లోని మైటోకాండ్రియాను మెల్లగా పాడుచేసింది. ఆ హాని బయటపడటానికి వారాలు పట్టింది, కొందరిలో మందు ఆపాక కూడా ముదిరింది. హెపటైటిస్ బిలో ఎంజైములు దానంతట అవే ఎగసిపడుతుంటాయి కాబట్టి, అవి పెరిగితే వైరస్ తగ్గుతున్న సూచనగా చదవడం అప్పటి అలవాటు. జబ్బు చాటున మందు చేసే హాని ఎలా దాక్కుంటుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదంతం మరొకటి లేదు. కింద చెప్పే పద్ధతి స్టడీ డాక్టర్లకు, నర్సులకు, కోఆర్డినేటర్లకు, ఫార్మసిస్టులకు అందరికీ పనికొస్తుంది.

మొదటి డోసుకు ముందే

పని ఇక్కడే సగం పూర్తవుతుంది. బేస్‌లైన్ (మందుకు ముందటి కొలత) లేని ఏఎల్‌టీ ఒట్టి అంకె. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మొత్తం బిలిరుబిన్, క్రియాటినిన్, ఈసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే తెల్లకణాలు) శాతంతో సహా పూర్తి రక్తకణాల లెక్క తీయించండి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు ముందే చేయించండి. తర్వాత కామెర్లు వస్తే, ఇవి అంతకుముందే ఉన్నాయా అన్న ప్రశ్నకు జవాబు దొరికేది ఇక్కడే.

మిగతావి మందును బట్టి ఉంటాయి. కంటి నరాన్ని దెబ్బతీయగల ఎథాంబుటాల్ గానీ లినెజోలిడ్ గానీ ఉంటే చూపు పరీక్ష, రంగుల పరీక్ష (ఇషిహారా పలకలు) చేయండి. ఒక్కో కన్ను విడిగా, ఆ అంకెలు కూడా విడిగా రాయండి. నరాలను దెబ్బతీయగల మందైతే కాలి బొటనవేలి దగ్గర 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి కంపనం తెలుస్తోందేమో చూడండి. గుండె లయను మార్చగల బెడాక్విలిన్ లాంటివి ఉంటే ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం కావాలి. మలేరియా మందు ప్రైమాక్విన్‌కు ముందు జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష, హెచ్‌ఐవీ మందు అబకావిర్‌కు ముందు హెచ్‌ఎల్‌ఏ-బి*57:01 జన్యు పరీక్ష తప్పనిసరి. ఈ జన్యువు లేనివారికే అబకావిర్ ఇస్తే దాని ప్రాణాంతకమైన అలర్జీని దాదాపుగా తప్పించవచ్చు.

"ఏ మందైనా పడదా?" అని అడిగి "లేదు" అని టిక్కు పెట్టి వదిలేయకండి. "పెన్సిలిన్ పడదు" అంటే ఏం జరిగిందో అడగండి. ఇంజెక్షన్ ఇచ్చిన పది నిమిషాల్లో ఊపిరాడక పడిపోవడం వేరు, మాత్రలు మింగితే కడుపులో తిప్పడం వేరు. ఏ వయసులో, ఎన్నో డోసుకు, ఎలా తగ్గిందో రాయండి. ఇప్పటికే ఉన్న తలనొప్పి, కీళ్లనొప్పి కూడా చరిత్రలో చేరాలి. అవి తర్వాత ముదిరితే ఆ ముదరడమే కొత్త ఘటనగా నమోదవుతుంది.

అడగడంలోనే ఉంది

ముందు తెరిచిన ప్రశ్న వేయండి: "పోయినసారి వచ్చి వెళ్లాక ఒంట్లో ఏమైనా తేడాగా అనిపించిందా?" జవాబును ఆ మనిషి మాటల్లోనే రాసుకోండి. ఆ తర్వాతే మందుకు తగ్గ ప్రశ్నలు: తిండి సయిస్తోందా, పొట్ట కుడివైపు పైన నొప్పి ఉందా, ఒళ్లు దురద పెడుతోందా, ఎరుపూ పచ్చా తేడా తెలుస్తోందా, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా. మొదటే జాబితా చదివితే సగం మంది మర్యాదకు "అవును" అంటారు. అసలు అడగకపోతే సగం మంది చెప్పరు. ప్రతి విజిట్‌లో, ప్రతి మనిషికీ, మందు తీసుకునే గుంపుకూ ప్లాసిబో (మందు లేని ఉత్తి మాత్ర) గుంపుకూ ఒకే వరుసలో, ఒకే మాటలతో అడగండి. ఇలా చేయకపోతే రెండు గుంపుల అంకెలను పోల్చడానికే వీలుండదు.

మూత్రం రంగు మారిందంటే అక్కడే ఆగండి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి, దానితో హాని లేదు. కామెర్లలో మూత్రం ముదురు టీ రంగులో ఉంటుంది. తేడా తేల్చడానికి మనిషిని పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబెట్టి, కిందికి చూడమని, పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డు చూడండి. ట్యూబ్‌లైటు కింద తేలికపాటి పసుపు కనబడదు. కళ్లు తెల్లగా ఉన్నా వికారం, నీరసం ఉంటే రక్తపరీక్ష ఆ రోజే చేయించండి. వచ్చే విజిట్ దాకా ఆగవద్దు.

ఏం రాయాలి, ఎలా రాయాలి

ఘటన పేరు ఒక్కటే ఉండాలి, వీలైనంత స్పష్టంగా. జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ కలిసి న్యుమోనియా అని తేలితే "న్యుమోనియా" అని ఒక్క వరుస రాయండి. తేలకపోతే లక్షణాలు విడివిడిగా రాసి, నిర్ధారణ అయ్యాక మార్చండి. "మరణం" ఘటన పేరు కాదు, అది ఫలితం. దేనివల్ల చనిపోయారో అది రాయాలి.

ఎక్కువగా తప్పు జరిగేది మొదలైన తేదీలో. మనిషి మీ దగ్గరకు వచ్చిన తేదీ వేరు, లక్షణం మొదలైన తేదీ వేరు. దద్దుర్లు సోమవారం రాత్రి మొదలై, గురువారం విజిట్‌లో కనబడితే రాయాల్సింది సోమవారం. తేదీ గుర్తులేదంటే పండగో, పెళ్లో, జీతం రోజో ఆసరాగా తీసుకుని వెనక్కి లెక్కపెట్టించండి. తొలి 24 గంటల్లో వచ్చిన వాటికి గంట కూడా కావాలి.

మందుల వైపు నుంచి కావాల్సినవి: మందు పేరు, తయారీ, బ్యాచ్ నంబరు, డోసు, ఏ దారిలో ఇచ్చారు, మొదటి డోసు, చివరి డోసు, మధ్యలో మానేసిన రోజులు. వీటితో పాటు స్టడీ మందు కాని ప్రతిదీ రాయాలి. జ్వరానికి వేసుకున్న పారాసెటమాల్, మూలికల పొడులు, విటమిన్లు, పక్కవాళ్లిచ్చిన మాత్ర కూడా. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంటే ఇవి మందులని ఎవరికీ తోచదు. "నొప్పికి, నిద్రకు, బలానికి, జలుబుకు ఏమైనా వేసుకున్నారా?" అని విడగొట్టి అడగండి. వీలైతే సంచీ, ఖాళీ స్ట్రిప్పులు తెప్పించి చూడండి.

కాగితం మీద తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, పొడి అక్షరాలు, తేదీ వేయండి. కింద రాసింది చదవగలిగేలా ఉండాలి. వైట్‌నర్ వాడితే ఆ పేజీ మీద నమ్మకం పోతుంది.

తీవ్రత వేరు, సీరియస్ వేరు

మన మాటల్లో ఇది మరీ తికమక పెడుతుంది. "పేషెంటు సీరియస్‌గా ఉన్నాడు" అనేది రోజూ వినే మాట. కానీ పరిశోధన నియమాల్లో "సీరియస్" అంటే కొన్ని ఖచ్చితమైన షరతుల్లో ఒకటి ఉండటం: మరణం, అప్పటికప్పుడు ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేర్చాల్సి రావడం లేదా ఉన్నవారు ఇంకా ఉండిపోవాల్సి రావడం, నిలిచిపోయే వైకల్యం, పుట్టే బిడ్డలో లోపం, వీటిలో ఏదీ లేకున్నా వైద్యపరంగా అంతే ముఖ్యమైనది. గ్రేడు చెప్పేది తీవ్రత మాత్రమే. మంచం దిగనివ్వని తలనొప్పి గ్రేడు 3 కావచ్చు, సీరియస్ కాకపోవచ్చు. ఒక రాత్రి పరిశీలన కోసం అడ్మిట్ చేసిన గ్రేడు 2 వాంతులు సీరియస్. స్టడీలో చేరకముందే నిర్ణయమైన ఆపరేషన్ కోసం చేరితే, పరిస్థితి ముదరనంత వరకు సాధారణంగా సీరియస్ లెక్కలోకి రాదు.

గ్రేడు వేసేముందు మీ ప్రొటోకాల్ (స్టడీ నియమావళి) ఏ పట్టిక చెప్పిందో చూడండి. ఏఎల్‌టీ గరిష్ఠ సాధారణ పరిమితికి 12 రెట్లు ఉందనుకోండి. క్యాన్సర్ పరిశోధనల నుంచి వచ్చిన సీటీసీఏఈ పట్టికలో అది గ్రేడు 3. హెచ్‌ఐవీ, టీబీ ట్రయల్స్‌లో ఎక్కువగా వాడే డెయిడ్స్ పట్టికలో గ్రేడు 4. పట్టిక మారితే మందు ఆపాలా వద్దా అన్నదే మారిపోవచ్చు.

గడియారం చూడండి

ఒక్కో రకం ప్రతిచర్యకు ఒక్కో వ్యవధి ఉంటుంది. అనాఫిలాక్సిస్ (ప్రాణాపాయమైన తక్షణ అలర్జీ) నిమిషాల్లో మొదలవుతుంది, సాధారణంగా గంట రెండు గంటల లోపే. అప్పుడు ఫారాలు పక్కనపెట్టి, పెద్దవారికి 1:1000 అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ బయటివైపు కండరంలో ఇవ్వండి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ. మనిషి కుదుటపడ్డాక ట్రిప్టేజ్ (ఇలాంటి అలర్జీలో రక్తంలో పెరిగే ఎంజైము) కోసం రక్తం తీయండి. మొదలైన గంట రెండు గంటల్లో మేలు, 4 గంటలు దాటితే విలువ తగ్గుతుంది. 24 గంటలు గడిచాక పోల్చడానికి మరో నమూనా కావాలి.

మామూలు ఎర్రటి దద్దుర్లు 4 నుంచి 14 రోజుల మధ్య, స్టీవెన్స్-జాన్సన్ (చర్మం బొబ్బలెక్కి ఊడే ప్రతిచర్య) సాధారణంగా 4 రోజుల నుంచి 4 వారాల మధ్య, డ్రెస్ సిండ్రోమ్ (దద్దుర్లతో పాటు లోపలి అవయవాలనూ దెబ్బతీసేది) 2 నుంచి 8 వారాల మధ్య వస్తాయి. లినెజోలిడ్ రక్తకణాలను తగ్గించడం ఎక్కువగా రెండు వారాలు దాటాక కనబడుతుంది, నరాలకు హాని నెలలు గడిచాక. కాబట్టి రెండో రోజు వచ్చిన తిమ్మిరికి లినెజోలిడ్‌ను నిందించే ముందు వేరే కారణం వెతకండి. నాలుగో నెలలో వస్తే మొదటి అనుమానం దానిమీదే పెట్టండి.

దద్దుర్లను దూరం నుంచి చూసి "ర్యాష్" అని రాయడం పెద్ద తప్పు. పారదర్శకమైన గాజు పలకతో నొక్కితే ఎరుపు పోతోందా? చర్మం ముట్టుకుంటే నొప్పా, దురదా? నోటి లోపల, పెదవులు, కళ్లు, జననాంగాల దగ్గర పుళ్లున్నాయా? బొబ్బలున్నాయా? ముఖం ఉబ్బిందా? జ్వరం ఎంత, మెడలో గ్రంథులు తగులుతున్నాయా, ఈసినోఫిల్స్ ఎన్ని? చర్మం నొప్పి, బొబ్బలు, లోపొరల పుళ్లు, ముఖం వాపు, జ్వరం. వీటిలో ఏదున్నా అనుమానమున్న మందు అప్పుడే ఆపి, పెద్ద డాక్టరుకు చూపించండి. అనుమతి తీసుకుని ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, మనిషిని గుర్తుపట్టేలా ముఖం రానివ్వకండి.

మందులా కనబడే మాయలు

సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇచ్చిన కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. అది యారిష్-హెర్క్స్‌హైమర్ ప్రతిచర్య, అలర్జీ కాదు. చనిపోతున్న సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, సాధారణంగా 24 గంటల్లో సర్దుకుంటుంది. దాన్ని "పెన్సిలిన్ అలర్జీ" అని రాస్తే ఆ మనిషికి జీవితాంతం మంచి మందు ఒకటి అందకుండా చేసినట్టే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జ్వరంలో ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ ఇస్తే దద్దుర్లు వస్తుంటాయి. అక్కడ వైరస్, మందు రెండూ కలవాలి. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టాక రోగనిరోధక శక్తి తేరుకుంటూ పాత టీబీని రెచ్చగొట్టడం మరో మాయ. ట్రైమెథోప్రిమ్, డొలుటెగ్రవిర్ మూత్రపిండాన్ని దెబ్బతీయకుండానే క్రియాటినిన్ పెంచుతాయి, ఎందుకంటే అది మూత్రంలోకి స్రవించే దారిని అడ్డుకుంటాయి. వాంకోమైసిన్‌ను గబగబా ఎక్కిస్తే మెడ, ముఖం ఎర్రబడి దురద పెడుతుంది. 1 గ్రామును కనీసం 60 నిమిషాల పాటు ఎక్కిస్తే చాలావరకు రాదు. అందుకే ఎక్కించడం మొదలుపెట్టిన గంట, ముగిసిన గంట రెండూ రాయాలి.

ఈసీజీలోనూ ఇలాంటిదే ఉంది. జ్వరంతో గుండె నిమిషానికి 100 సార్లు కొట్టుకుంటోంది, క్యూటీ (ఒక్కో కొట్టుకు గుండె కింది గదుల విద్యుత్ చర్యకు పట్టే సమయం) 380 మిల్లీసెకన్లు. గుండె వేగానికి తగ్గట్టు బాజెట్ సూత్రంతో సరిచేస్తే 491 వస్తుంది, ఫ్రిడెరిషియా సూత్రంతో 451. గుండె వేగం ఎక్కువున్నప్పుడు బాజెట్ లేని ప్రమాదాన్ని చూపిస్తుంది. మెషిన్ అచ్చువేసే అంకె తరచుగా బాజెట్‌దే. బెడాక్విలిన్ విషయంలో 500 దాటితే ఆపడం గురించి ఆలోచిస్తారు కాబట్టి, ఏ సూత్రమో రాయకుండా అంకె మాత్రం రాయకండి.

కాలేయం ఉదాహరణ, అంకెలతో

మొదట చెప్పిన టీబీ మనిషినే తీసుకుందాం. ల్యాబ్ గరిష్ఠ పరిమితులు: ఏఎల్‌టీ 40, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 120, బిలిరుబిన్ 1.2. మొదటి డోసుకు ముందు ఏఎల్‌టీ 32, 14వ రోజు 58, 24వ రోజు 260. ఆ రోజు ఫాస్ఫటేజ్ 130, బిలిరుబిన్ 2.9.

ముందు కాలేయానికి ఏ రకం దెబ్బో చెప్పే ఆర్ విలువ లెక్కకట్టండి. 260ని 40తో భాగిస్తే 6.5. 130ని 120తో భాగిస్తే 1.08. 6.5ను 1.08తో భాగిస్తే 6. ఐదు, ఆపైన ఉంటే కాలేయ కణాలకు దెబ్బ. రెండు, అంతకన్నా తక్కువుంటే పైత్యరసం అడ్డుపడటం. మధ్యలో ఉంటే మిశ్రమం. తర్వాత హైమన్ జిమ్మర్‌మన్ పేరుమీద ఉన్న హైస్ లా చూడండి: ఏఎల్‌టీ 3 రెట్లు దాటింది, బిలిరుబిన్ 2 రెట్లు దాటింది (2.9 అంటే 2.4 రెట్లు), ఫాస్ఫటేజ్ 2 రెట్లు దాటలేదు. వేరే కారణం దొరకకపోతే ఇది హైస్ లా కేసు. ఇలాంటివారిలో దాదాపు పదిమందిలో ఒకరు చనిపోవడమో, కాలేయ మార్పిడి అవసరం కావడమో జరుగుతుందని అనుభవం. అడ్మిట్ చేయకపోయినా దీన్ని సీరియస్‌గానే పంపండి.

టీబీ చికిత్సలో సాధారణ నియమం ఇది: లక్షణాలుంటే ఏఎల్‌టీ 3 రెట్లు దాటగానే, లక్షణాలు లేకపోతే 5 రెట్లు దాటగానే కాలేయాన్ని దెబ్బతీసే మందులు (ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్) ఆపాలి. ఇక్కడ ఆపాల్సిందే. అదే రోజు హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలకు రక్తం పంపండి, పొట్ట స్కానింగ్ చేయించండి, మద్యం గురించి, పారాసెటమాల్ గురించి మళ్లీ అడగండి.

ఆ పరీక్షలన్నీ నెగటివ్ వచ్చి, మందులు ఆపాక ఏఎల్‌టీ తగ్గిందనుకుందాం. ఇప్పుడు మందే కారణమా అని మార్కులతో తేల్చే, 1981 నుంచి వాడుకలో ఉన్న నరాంజో స్కేలు వేద్దాం. ఇంతకుముందు ఇలా జరిగినట్టు రుజువులున్నాయి, 1. మందు తర్వాతే వచ్చింది, 2. ఆపాక తగ్గింది, 1. వేరే కారణం లేదు, 2. పరీక్షల్లో కనబడింది, 1. మిగతా ప్రశ్నలకు సున్నా. మొత్తం 7. తొమ్మిది, ఆపైన వస్తే నిశ్చయం. 5 నుంచి 8 వస్తే బహుశా అదే. 1 నుంచి 4 అయితే కావచ్చు. సున్నా, అంతకన్నా తక్కువైతే సందేహాస్పదం. హెపటైటిస్ ఇ పరీక్ష చేయించడం మరిచిపోతే "వేరే కారణం" దగ్గర తెలియదు అని సున్నా పడుతుంది, మొత్తం 5కు దిగుతుంది. ఆ పరీక్ష పాజిటివ్ వస్తే మైనస్ 1 పడి 4 అవుతుంది. ఒక్క రక్తపరీక్ష తీర్పునే మార్చేస్తుంది.

మూడు మందులూ ఒకే రోజు మొదలై, ఒకే రోజు ఆగితే మూడింటికీ ఒకే మార్కులు వస్తాయి. ఏది దోషి అన్నది స్కేలు చెప్పలేదు. అందుకే ఏఎల్‌టీ 2 రెట్ల కంటే తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెడతారు. ముందు రిఫాంపిసిన్, 3 నుంచి 7 రోజులకు ఏఎల్‌టీ చూసి ఐసోనియాజిడ్. కాలేయం దెబ్బ పెద్దదై, ఈ రెండూ ఒప్పుకుంటే పైరజినమైడ్ జోలికి వెళ్లకుండా చికిత్స కాలం పెంచడమే మేలు.

తిరిగి ఇచ్చి చూడటం అన్నిటికీ పనికొచ్చే ఉపాయం కాదు. అబకావిర్ అలర్జీ, స్టీవెన్స్-జాన్సన్, డ్రెస్, అనాఫిలాక్సిస్ వచ్చినచోట రుజువు కోసం మళ్లీ ఇవ్వడం ప్రాణాలతో చెలగాటం. నరాంజోలో రెండు మార్కులు పోతే పోనివ్వండి.

ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

సీరియస్ ఘటన తెలిసిన 24 గంటల్లోగా స్పాన్సర్‌కు (స్టడీని నడిపించే సంస్థకు) చెప్పడం చాలా ప్రొటోకాల్స్‌లో నియమం. వివరాలన్నీ దొరికేదాకా ఆగకండి. మనిషిని సూచించే కోడ్, చెప్పినవారు, అనుమానమున్న మందు, ఘటన. ఈ నాలుగుంటే రిపోర్టు పంపవచ్చు. మందుకు సంబంధం ఉందని తోచి, ఇన్వెస్టిగేటర్ బ్రోషర్‌లో (మందు గురించి తెలిసినదంతా ఉండే పుస్తకంలో) లేనిదై, మరణం లేదా ప్రాణాపాయం కలిగిస్తే స్పాన్సర్ 7 రోజుల్లో నియంత్రణ సంస్థకు తెలపాలి, మిగతా వివరాలకు మరో 8 రోజులు. ఇతర సీరియస్ వాటికి 15 రోజులు. ఇది ఐసీహెచ్ (మందుల నియమాల అంతర్జాతీయ మండలి) ఇ2ఎ మార్గదర్శకం చెప్పే లెక్క, సెలవులు కూడా ఇందులోకే వస్తాయి. మీ దేశపు చట్టం ఇంకా తక్కువ గడువు పెట్టి ఉంటే దాన్నే పాటించాలి, ఎథిక్స్ కమిటీ గడువు విడిగా చూసుకోవాలి. స్టడీలో ఉండగా గర్భం వస్తే అది దుష్ప్రభావం కాకపోయినా నమోదు చేసి, కాన్పు దాకా కనిపెట్టుకుని ఉండాలి.

సంబంధం ఉందా లేదా అన్న తీర్పు మనిషిని చూసిన డాక్టరుది. స్పాన్సర్ వేరే అభిప్రాయం చేర్చవచ్చు గానీ, డాక్టరు వేసిన దాన్ని తగ్గించకూడదు. మీ తీర్పు మార్చమని ఫోను వస్తే, కొత్త ఆధారం ఏమిటో రాతపూర్వకంగా అడగండి. బ్లైండ్ విప్పడం (ఆ మనిషికి మందిచ్చారో ప్లాసిబో ఇచ్చారో చూడటం) వైద్యం దానిమీద ఆధారపడినప్పుడే. కుతూహలానికి విప్పితే ఆ మనిషి సమాచారం స్టడీకి సగం పోయినట్టే.

కథనం రాసేటప్పుడు రోజుల వరుసలో రాయండి: మొదటి డోసు, మొదటి లక్షణం, పరీక్షల అంకెలు యూనిట్లతో, చేసిన వైద్యం, ఆపిన తేదీ, తగ్గిన తేదీ. "మందు వల్లే" అని మొదటి వాక్యంలో రాస్తే చదివేవారు మిగతాదంతా ఆ కళ్లద్దాలతోనే చదువుతారు. తీర్పు చివర రాయండి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి.

ఫైలు ఎప్పుడు మూయాలి

లక్షణం తగ్గేదాకా, లేదా ఇక మారదని తేలేదాకా. లినెజోలిడ్ తిమ్మిరి మందు ఆపినా ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. అప్పుడు "కోలుకున్నారు" అని కాకుండా "లోపం మిగిలింది" అని రాయాలి. చివరి డోసు తర్వాత ఎన్ని రోజులు చూడాలో ప్రొటోకాల్ చెబుతుంది. శరీరంలో నెలల తరబడి నిలిచే బెడాక్విలిన్ లాంటి వాటికి 30 రోజులు చాలవు. ప్రొటోకాల్ రాసే దశలోనే ఆ మాట గట్టిగా అడగండి.

ఫలితాలు రాసేటప్పుడు 'మూడు' సూత్రం (రూల్ ఆఫ్ త్రీ) గుర్తుపెట్టుకోండి. 300 మందికి మందిస్తే ఒక్కరికీ కాలేయం విఫలం కాలేదంటే ప్రమాదం సున్నా అని కాదు. 3ని 300తో భాగించండి: 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది, ప్రమాదం వందలో ఒకటికి మించదని మాత్రమే. ఆ అంకెను "కాలేయ వైఫల్యం ఎవరికీ రాలేదు" అన్న వాక్యం పక్కనే, అదే పేరాలో వేయండి.